గేదె తప్పిపోయినప్పుడు

మా చిన్నతనంలో అశ్వారావుపేట శివార్లలో గేదె తప్పిపోవటం పెద్ద వింత కాదు. మేతకు తోలిన మంద సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒకటి తక్కువయ్యేది. అడవి ఊరికి ఎంత దూరమని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పటం కష్టమయ్యే రోజులవి. పెరటి వెనుక చేను, చేను వెనుక వాగు, వాగు వెనుక అడవి. ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలయ్యేదో గేదెకే కాదు, మాకూ తెలిసేది కాదు. ఇప్పుడా చేలలో చాలావరకు ఆయిల్ పామ్ తోటలు లేచాయి. వరుసలు తీర్చిన ఆ చెట్ల మధ్య దారి తప్పటం మరో రకం అనుభవం. అది ఇంకొకప్పుడు చెప్పుకుందాం.

గేదె తప్పిపోతే మా తాతయ్య వెంటనే కర్ర పుచ్చుకొని అడవిలోకి పరుగెత్తేవాడు కాదు. ముందుగా మా వీధిలో నాలుగిళ్ళు అడిగేవాడు. అక్కడ ఆచూకీ దొరక్కపోతే, చీకటి పడే లోపల చుట్టూ ఉన్న మూడు నాలుగు గూడేలకు మాట పంపేవాడు. "నల్లది, ఎడమ కొమ్ము వంకర, మెడలో కొయ్య గంట. కనపడ్డదా?" విన్నవాడు చూసి ఉంటే చెప్పేవాడు, చూడకపోతే తన పక్కవాణ్ణి అడిగేవాడు. ఆ పక్కవాడు తన అవతలివాణ్ణి. ఒకే ప్రశ్న రెండోసారి వినవస్తే, "ఇందాకే అడిగారులే" అని వదిలేసేవారు. మరునాడో ఎల్లుండో, మేమెన్నడూ కాలుపెట్టని ఒక కోయగూడెం నుంచి జవాబు బయలుదేరేది. అదెవరి గేదో జవాబు చెప్పినవాడికి తెలియదు. తనను ఎవరు అడిగారో మాత్రమే తెలుసు. ఆ అడిగినవాడికి చెప్పేవాడు. అతడు తనను అడిగినవాడికి చెప్పేవాడు. అలా ప్రశ్న వచ్చిన దారినే జవాబు వెనక్కు నడిచి, చివరకు మా అరుగు మీద కూర్చునేది.

"తాతయ్యా, ఆ దారంతా నీకు తెలుసా?" అని ఒకసారి అడిగాను.

"నాకెందుకురా? నా పక్కవాడికి వాడి పక్కవాడు తెలిస్తే చాలదూ!" అన్నాడాయన.

ఆ మాటకు ఉన్న విలువ ఎంతో నాకు 2004లో గాని తెలిసిరాలేదు. అప్పుడు నేను ఎం.టెక్. విద్యార్థిని. తీగలు లేకుండా, మధ్యలో టవర్లు గాని అధికారులు గాని లేకుండా, చేతిలోని యంత్రాలే ఒకదానితో ఒకటి జత కట్టి తమంతట తామే జాలంగా ఏర్పడే పద్ధతి మీద ఆ యేడే ఒక పెద్ద గ్రంథం వెలువడింది. వ్రాసినవారు మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు సి. శివరామమూర్తి గారు, వారితోపాటు బి. ఎస్. మనోజ్ గారు. శివరామమూర్తి గారు వరంగల్లు ఆర్.ఇ.సి.లో చదివినవారని తెలిసినప్పుడు, మన పక్క జిల్లా బడిలో చదివిన పెద్దమనిషిని చూసినంత సంతోషం కలిగింది. ఆ పుస్తకం బరువుకు భయపడుతూనే తెరిచాను. అందులో మా తాతయ్య కనిపించాడు.

చదువరులు నవ్వవచ్చు. కొంచెం వివరిస్తాను.

కంప్యూటర్ల జాలంలో ప్రతి యంత్రాన్నీ నోడ్ అంటారు. వెదురు కణుపునూ ఇంగ్లీషులో ఆ మాటతోనే పిలుస్తారు గనుక, మా అడవి మర్యాద కోసం నేను దాన్ని కణుపు అనే అంటాను. పంపదలచిన సమాచారాన్ని చిన్నచిన్న పొట్లాలుగా కట్టి వదులుతారు. పొట్లం మీద చేరవలసిన చోటు పేరు ఉంటుంది గాని, దారి ఉండదు. దారి చూపవలసిన పని మధ్యలోని కణుపులది. 1969లో మొదలైన అర్పానెట్‌లో కణుపులు కదలవు, వాటి మధ్య తీగలు స్థిరం. అందువల్ల ప్రతి కణుపూ ఏ ఊరికి ఎటు పోవాలో ఒక పట్టిక రాసి పెట్టుకొని, దాన్ని పొరుగువారితో సరిచూసుకుంటూ ఉండేది. అంత స్థిరమైన చోట కూడా ఆ తొలి పద్ధతిలో ఒక జబ్బు బయటపడింది. మంచి కబురు వేగంగా పాకేది, చెడ్డ కబురు నత్తనడక నడిచేది. ఒక తీగ తెగితే ఆ సంగతి అందరికీ తెలిసేలోగా, "దారి నీ వైపు ఉంది" అని వీడు, "కాదు నీ వైపే ఉంది" అని వాడు పొట్లాన్ని ఒకరి మీద ఒకరు తోసుకునేవారు. పాతబడిన సమాచారం చేసే అపకారం అది. 1979లో ఆ పద్ధతిని మార్చవలసి వచ్చింది.

ఇక కణుపులే నడిచిపోతూ ఉంటే? యుద్ధరంగంలోని సైనికుల చేతిపెట్టెలు, వరద సహాయానికి వెళ్ళినవారి రేడియోలు, అడవిలో తిరిగే వాహనాలు - వీటికి పట్టిక వ్రాయబూనటం నీటి మీద వ్రాయటమే. పట్టిక ముగిసేలోగా అది అబద్ధమవుతుంది. ఈ చిక్కుకు 1994లో చార్లెస్ పెర్కిన్స్, ప్రవీణ్ భాగవత్ అనే ఇద్దరు ఒక విరుగుడు చెప్పారు. ప్రతి కబురుకూ ఒక వరుస సంఖ్య తగిలించాలి. ఆ సంఖ్యను పెంచే హక్కు మామూలుగా ఆ కబురు ఎవరి గురించో వారిదే. మధ్యవాళ్ళది కాదు. పెద్ద సంఖ్య ఉన్నదే తాజా కబురు. చిన్న సంఖ్య ఉన్నది ఇప్పుడే చేతికి అందినా, ఎంత దగ్గరి దారిన వచ్చినా, పక్కన పెట్టవలసిందే.

ఆ తరువాత 1999లో పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ మరొక అడుగు ముందుకు వేశారు. పట్టికలు ముందుగా ఎందుకు? అవసరం పడ్డప్పుడే దారి అడుగుదాం అన్నారు. దానికి ఏ.ఓ.డి.వి. అని పేరు. సమీర్ దాస్ కూడా కలిసిన తరువాత, 2003 జులైలో అది ఆర్.ఎఫ్.సి. 3561 అనే పత్రంగా వెలువడింది. అందులో ఉన్నదేమిటి? పొట్లం పంపదలచిన కణుపు తన పొరుగువారందరినీ "ఫలానావారి దారి తెలుసా?" అని అడుగుతుంది. తెలియనివారు తమ పొరుగువారిని అడుగుతారు. ఒకే ప్రశ్న రెండోసారి వస్తే వదిలేస్తారు. తమను ఎవరు అడిగారో మాత్రం గుర్తుంచుకుంటారు. జవాబు ఆ గుర్తుల వెంటే వెనక్కి వస్తుంది. ముందు దగ్గరివారిని, దొరక్కపోతే వలయం పెంచి దూరపువారిని అడగటం కూడా అందులో ఉంది. కొమ్ము వంకర, కొయ్య గంట తప్ప మా తాతయ్య పద్ధతిలో లేనిదంటూ అందులో లేదు.

ఆ రాత్రి హాస్టలు గదిలో ఎంత గర్వపడ్డానో చెప్పలేను. చదువుకోని ఒక రైతు మనుమణ్ణి. మా వీధి రహస్యం ప్రపంచానికి ఇప్పుడు తెలిసిందనుకున్నాను.

అదే కాలంలో మాకు పొరుగునే, పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రయత్నం నడుస్తూ ఉండేది. భీమవరం ప్రాంతపు పల్లెలను వైఫై ద్వారా కలపటానికి బైర్రాజు ఫౌండేషన్ వారు 'అశ్విని' అనే జాలాన్ని నిర్మించారు. మామూలుగా ఒక ఇంటి గదులలో పారాడే వైఫైని పెద్ద ఏంటెన్నాల సాయంతో ఊరి నుంచి ఊరికి కిలోమీటర్ల దూరం దూకించారు. ఆ అనుభవాలను భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు గార్లు 2007లో ఒక వ్యాసంగా వ్రాశారు. అంతకు ముందే 2005లో, అలాంటి దూరపు గొలుసులలో ఒకే టవరు మీది ఏంటెన్నాలన్నీ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి వినేటట్లు ఒక తాళం వేసే పద్ధతిని ప్రతిపాదించారు. ఒకడు మాట్లాడుతూ ఉండగా పక్కవాడు వినబోతే ఎవరికీ ఏమీ వినిపించదు. అందరూ కలిసి మాట్లాడి, అందరూ కలిసి చెవి ఒగ్గితే పని జరుగుతుంది. మన కోలాటంలాంటిది.

ఆ వ్యాసాలు చదివి మా ఊరి వైపు చూసుకున్నాను. డెల్టా నేల అరచేయిలా చదును. టవరు మీద టవరుకు చూపు ఆనుతుంది. అయినా అక్కడ ఖర్చులో పెద్ద వాటా టవర్లదే. మా వైపు గుట్టలు, వాగులు, టేకులు, ఇప్పచెట్లు. ఒక గూడెం నుంచి ఇంకొక గూడేనికి మనిషి చూపే ఆనదు. మరి తమంతట తాము దారి వెదుక్కునే జాలం ఎవరికి అవసరమో వారికే కదా, అని మహా ఉత్సాహంతో పథకాలు గీసుకున్నాను. ఏమయిందంటే, చదువు ముగిసింది, హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. గీసిన కాగితాలు అటక ఎక్కాయి. ఈలోగా సెల్ ఫోన్లు వచ్చేశాయి. నా పథకాలు ఇక ఎవరికి కావాలి?

ఇక్కడ ఒక చిన్న విషయం. మన ఫోన్లు పక్కపక్కనే ఉన్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒకే అరుగు మీద కూర్చున్న ఇద్దరు ఫోన్లో మాట్లాడుకుంటే, ఆ మాట ఎక్కడో ఉన్న టవరుకు పోయి వెనక్కి రావాలి. టవరుకు కరెంటు ఉన్నంతసేపే పక్కింటివాడు మనకు పక్కింటివాడు. ఇది నాకు పాఠంగా తెలిసిన విషయమే. బ్రతుకులో తెలిసింది మాత్రం 2024 జులై 18 రాత్రి.

అశ్వారావుపేట మండలంలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు మీద ప్రాజెక్టు ఒకటి ఉంది. ప్రాజెక్టు తెలంగాణలో, దాని దిగువన ఊళ్ళు కొన్ని తెలంగాణలో, చాలావరకు ఆంధ్రప్రదేశ్‌లో. వేలేరుపాడు మండలం 2014 దాకా మా ఖమ్మం జిల్లాలోనిదే. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. మేము కూడా 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లావాళ్ళమయ్యాం. గీతలు ఎన్ని గీసినా వాగు తన దారిన తాను పోతుంది. ఆ రోజు కురిసిన వానకు పెద్దవాగు కట్ట పొర్లి, గండి పడింది. దిగువ ఊళ్ళు నీటిపాలయ్యాయి. నీటిలో చిక్కిన కొందరిని హెలికాప్టర్లతో కాపాడవలసి వచ్చింది. మా అక్క అత్తవారి ఊరు ఆ దిగువనే.

రాత్రి తొమ్మిది గంటల నుంచి అక్క ఫోను పలకలేదు. బావ ఫోనూ పలకలేదు. ఆ ఊళ్ళో ఎవరి ఫోనూ పలకలేదు. నేను హైదరాబాదులో, మా అమ్మ అశ్వారావుపేటలో. తెల్లవార్లూ ఒకరికొకరం "ఏమైనా తెలిసిందా?" అని అడుక్కుంటూనే ఉన్నాం. తెల్లవారేసరికి జాలమంతా పుకార్లు. ఊరు మొత్తం కొట్టుకుపోయిందని ఒకరు, అందరినీ ముందే ఖాళీ చేయించారని ఒకరు. "నేను కళ్ళారా చూశాను, మీ అక్కవాళ్ళు లారీ ఎక్కారు" అని చెప్పినవాడు ఆ రాత్రి ఆ దరిదాపులకే పోలేదని తరువాత తెలిసింది. మా శాస్త్రంలో అలాంటి కణుపును కృష్ణబిలం అంటారు. దారి తనకు తెలుసునని అందరికన్నా ముందు పలుకుతుంది, తన దగ్గరికి వచ్చిన పొట్లాలను మింగేస్తుంది. అందరూ అందరినీ ఒకేసారి అడగటం వల్ల ప్రశ్నలే తుపానులై అసలు జవాబుకు చోటు లేకుండా పోతుందని 1999లోనే కొందరు పరిశోధకులు హెచ్చరించారు. చదివినవాణ్ణే. అయినా ఆ తుపానులో నా వంతు గాలి నేనూ ఊదాను.

పొద్దున పది గంటలకు అమ్మ ఫోను చేసింది. సెంటర్లో ఆటో నడిపే అబ్బాయి ఇంటికొచ్చి ఒక మాట చెప్పి వెళ్ళాడట. అతనికి పాల వ్యాను మనిషి చెప్పాడట. ఆ మనిషికి వాగు ఒడ్డున ఒక కుర్రాడు కేకవేసి చెప్పాడట. మాట ఇది: "గేదెల్ని విప్పేశాం. గుట్ట మీదున్నాం. పిల్లలు బాగున్నారు."

ప్రాణం లేచి వచ్చింది. కాని, మధ్యాహ్నం పన్నెండుకు మా పిన్ని కొడుకు ఫోను చేశాడు. అక్క వాళ్ళమ్మతో మాట్లాడిందట. ఆ మాట రెండు మూడు ఇళ్ళు తిరిగి వీడి దగ్గరికి వచ్చింది. "గేదెల్ని విప్పుతున్నాం. ఇక బడి డాబా ఎక్కుతాం అన్నదంట అన్నయ్యా."

నా గుండె మళ్ళీ జారింది. పదింటికి గుట్ట మీద ఉన్నవాళ్ళు పన్నెండింటికి డాబా మీదకు ఎందుకు వచ్చారు? గుట్ట కూడా మునిగిందా? దిగి, ఊళ్ళోకి వచ్చి చిక్కుకుపోయారా? ముందూ వెనకా చూడకుండా బావ తమ్ముడికి ఫోను చేశాను. అతను అప్పటికి వాగు ఇవతల, ఫోను పలికే చోట ఉన్నాడు. "బడి దగ్గర ఉన్నారట, ఎలాగైనా వెళ్ళి చూడు" అన్నాను. మంచివాడు, మారు మాట్లాడలేదు. నీళ్ళలోకి దిగాడు.

తరువాత అమ్మకు చెప్పాను. అమ్మ ఒక్క క్షణం ఊరుకొని అడిగింది.

"ఏమన్నదిరా? విప్పుతున్నాం అన్నదా, విప్పేశాం అన్నదా?"

"ఇప్పుడొచ్చిన కబురులో విప్పుతున్నాం అని..."

"ఓరి పిచ్చివాడా! విప్పుతున్నాం అన్నది ముందు మాట. విప్పేశాం అన్నది తరవాతి మాట. ఇది రాత్రి చెప్పింది, నీ దగ్గరికి ఇప్పుడొచ్చింది. వాడెక్కడ?"

నా నోట మాట రాలేదు. బావ తమ్ముడి ఫోను అప్పటికే పలకటం లేదు. అమ్మ పక్కింటి కుర్రాణ్ణి మోటారు సైకిలు మీద పరుగెత్తించింది. ఆ కుర్రాడు వెళ్ళేసరికి అతను మొల లోతు దాటి, రొమ్ము లోతు నీళ్ళలో ఒక తుమ్మచెట్టు పట్టుకొని నిలబడి, ముందుకు అడుగు వేయాలా వద్దా అని చూస్తున్నాడట. ఒడ్డు నుంచి కేకలు వేసి వెనక్కి పిలిచాడు.

వరుస సంఖ్య మీద నేను ఇరవై పేజీలు వ్రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. కబురు మోసినవారెవరూ అక్క మాటను మార్చలేదు. దిద్దకుండా, కలపకుండా, 'విప్పుతున్నాం'ను విప్పుతున్నాంగానే, 'విప్పేశాం'ను విప్పేశాంగానే చేతులు మార్చారు. మన తెలుగు క్రియలోనే తాజాతనపు ముద్ర ఉంది. అక్క వేసిన ఆ ముద్రను అక్షరం రాని అమ్మ చదివింది. నేను మాత్రం ఏది ఆలస్యంగా నా చెవిన పడిందో దాన్నే తాజా కబురు అనుకొని, ఒక మనిషిని నీళ్ళలోకి దింపాను. ఆ తుమ్మచెట్టు లేకపోతే, ఆ కుర్రాడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే, అన్న ఊహ ఇప్పటికీ నిద్ర మధ్యలో నన్ను లేపుతుంది.

పది రోజుల తరువాత సెలవు పెట్టి అక్క ఊరు వెళ్ళాను. ఇళ్ళలోని బురద ఎత్తుతున్నారు. బావ తమ్ముడు ఆ సంగతి ఎత్తలేదు, నేనే ఎత్తి, తప్పు ఒప్పుకున్నాను. "మీకేం తెలుసు బావా, అంత దూరాన ఉండి" అన్నాడు. ఆ మాట ఓదార్పుగానే అన్నాడు. కాని, అంతకన్నా సూటిగా తగిలిన మాట నాకు మరొకటి లేదు.

ఎందుకంటే ఏ.ఓ.డి.వి.లో ఇంకో నియమం ఉంది. పొరుగు కణుపులు ఉత్తినే ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉండవచ్చు. ఆ పలకరింపుకు పత్రంలో వ్రాసిన పేరే 'హలో'. సెకనుకొకసారి హలో. రెండు పలకరింపుల వ్యవధి దాటినా కబురు లేకపోతే, ఆ బంధం తెగినట్టే లెక్క. వాడకుండా వదిలేసిన దారిని ఆ పత్రం ప్రకారం కణుపు మూడు సెకన్లలో మరిచిపోతుంది. నేను అక్కతో అంతకు ముందు ఎప్పుడు మాట్లాడాను? సంక్రాంతికి. సంక్రాంతి నుంచి ఆషాఢం దాకా ఒక్క హలో లేదు. బడి డాబా ఎంత ఎత్తు, గుట్ట ఊరికి ఏ వైపు, ఆ గుట్ట ఏనాడైనా మునిగిందా - ఇవేవీ నాకు తెలియవు. తెలిసి ఉంటే పన్నెండింటి కబురు విని నేనూ నవ్వేవాణ్ణే.

అక్కను అడిగాను, ఆ పొద్దున మాట మోసిన కుర్రాడెవరని. "ఎవరో అవతలి గూడెం పిల్లాడురా. గుట్ట మీంచి కేకేస్తే విన్నాడు" అన్నది. పాల వ్యాను మనిషి ఎవరో ఆ కుర్రాడికి తెలియదు కాబోలు. ఆటో అబ్బాయి అమ్మకు ముఖ పరిచయమే. ఎవరికీ తమ ముందువాడు, తమ వెనకవాడు తప్ప తెలియదు. పీయూష్ గుప్తా, పి. ఆర్. కుమార్ అనే శాస్త్రజ్ఞులు 2000లో ఒక లెక్క తేల్చారు. ఇలాంటి జాలంలో కణుపులు నూరు రెట్లు పెరిగితే, ఒక్కొక్కరికి తమ సొంత మాట కోసం మిగిలే వాటా పదో వంతుకన్నా తగ్గిపోతుంది. మిగతా శక్తి ఎక్కడికి పోతుంది? చాలావరకు ఇతరుల మాటలు మోయటానికే. ఎం.టెక్.లో దాన్ని ఈ పద్ధతిలోని లోపంగా వ్రాశాను. ఆ వాన పొద్దున బేరం వదులుకొని మా ఇంటి దాకా వచ్చిన ఆటో అబ్బాయి తన చమురు తానే కాల్చుకున్నాడు. దాన్ని లోపమని వ్రాసిన చేయి నాదే.

అక్క వాళ్ళు ఆ రాత్రి విప్పిన గేదెలు నాలుగు. రెండు మరునాడే గుట్ట కింద దొరికాయి. మూడోది నాలుగో రోజు వచ్చింది. నాలుగోదాని కోసం బావ చుట్టుపక్కల ఊళ్ళకు మాట పంపాడు. నేను అక్కడ ఉండగానే ఒక సాయంత్రం, రాష్ట్రం గీతకు అవతలి నుంచి ఒక పెద్దాయన దాన్ని తాడు పట్టి నడిపించుకొని వచ్చాడు. ఎవరు పంపారు, ఎవరు చెప్పారు అని నేను ఆత్రంగా అడిగాను. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ, "ఎవరిదో మాకేం తెలుసు బాబూ! మా పక్కూరివాళ్ళు అడిగారు, కనపడ్డది, తోలుకొచ్చాం" అన్నాడు.

అక్క ఆయనకు మజ్జిగ ఇచ్చింది. గేదె దొడ్లోకి తనంతట తానే నడిచిపోయింది.